పార్టీలకు ఖజానా సొమ్ము: ఆర్కే నగర్ వైపు నుంచి చూస్తే

కంపెనీలూ వ్యక్తులూ పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేశాక పాత వాదన ఒకటి మళ్లీ పైకొచ్చింది. పార్టీల ఖర్చు ఖజానాయే భరిస్తే వాళ్లు కంపెనీల ముందు చేయి చాచక్కర్లేదు కదా అని. వినడానికి బాగానే ఉంది. కానీ చెన్నై తెలుగువాళ్లకు ఆర్కే నగర్ గుర్తుకు రాక మానదు.

ఉత్తర చెన్నైలో మనవాళ్ల ఓట్లు చెప్పుకోదగ్గన్ని ఉన్న నియోజకవర్గమది. జయలలిత మరణంతో వచ్చిన ఉప ఎన్నికను 2017 ఏప్రిల్‌లో, మూడు రోజుల్లో పోలింగ్ ఉందనగా, ఎన్నికల సంఘం రద్దు చేసింది. ఐటీ సోదాల్లో దొరికిన కాగితాల్లో ఓటర్లకు దాదాపు 89 కోట్ల పంపకాల లెక్క ఉంది. అప్పట్లో ఒక అసెంబ్లీ అభ్యర్థి పెట్టే ఖర్చు 28 లక్షలకు మించకూడదు! ఖజానా ఆ 28 లక్షలూ ఇచ్చి ఉంటే మిగతా కోట్లు ఆగేవా?

కంపెనీల విరాళాలను 1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం నిషేధించింది, బదులుగా మరో దారి చూపలేదు. ఆ సందులోంచి నల్లడబ్బు చొరబడింది. 1985లో నిషేధం ఎత్తేసినా ఆ అలవాటు పోలేదు. పార్టీ ఖర్చునూ అభ్యర్థి లెక్కలో కలపాలని 1974లో సుప్రీంకోర్టు అంటే, అలా కలపక్కర్లేదని ఆ ఏడాదే చట్టం మార్చేశారు. పార్టీ ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. అసలు తంటా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఎన్నికల ఖర్చు ఖజానా భరించడంపై వేసిన ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లో గుర్తింపు పొందిన పార్టీలకు ప్రభుత్వాన్ని సాయం చేయమంది, అదీ నగదుగా కాదు, వస్తువుల, సౌకర్యాల రూపంలో.

బయటి అనుభవం రెండు రకాలు. జర్మనీలో పార్టీ సొంతంగా సంపాదించినదానికి మించి ప్రభుత్వం ఇవ్వదు. జాతీయ ఎన్నికల్లో 0.5 శాతం ఓట్లు తెచ్చుకున్న చిన్న పార్టీకీ వాటా ఉంటుంది. ఇటలీ 1974లో, చమురు కంపెనీల లంచాల గొడవ తర్వాత, పార్టీలకు నిధులివ్వడం మొదలుపెట్టింది. లంచాలు ఆగలేదు. 1993 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో) ఓటేసినవాళ్లలో 90 శాతం పైగా ఈ నిధులు వద్దన్నారు. అయినా పార్లమెంటు ‘ఎన్నికల ఖర్చుల చెల్లింపు’ అని పేరు మార్చి మళ్లీ ఇచ్చుకుంది. ఎవరి జీతం వాళ్లే రాసుకున్నట్టు!

మన దగ్గరా పార్టీలకు ఆదాయపు పన్ను మినహాయింపు, ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం, రాజధానుల్లో చౌకగా స్థలాలు ఎప్పటినుంచో అందుతున్నాయి. ఇవన్నీ ప్రభుత్వ సాయమే కాబట్టి ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో తేల్చింది. ఆ ఆదేశాన్ని పార్టీలు అమలు చేయలేదు.