చైనా అప్పులు: తాకట్టులో ఉన్నది పోర్టా, ఖాతానా? (అపోహలు - వాస్తవాలు)

నా ఉద్యోగం అప్పు పత్రాలు చదవడం. రైల్వేలకు, పోర్టులకు, విమానాశ్రయాలకు ప్రభుత్వాలు తెచ్చుకునే అప్పుల ఒప్పందాలన్నమాట. ఎక్కువగా తూర్పు ఆఫ్రికావే వస్తాయి కాబట్టి చైనా ప్రభుత్వ బ్యాంకు అయిన ఎగ్జిమ్ బ్యాంక్ పేరు రోజూ కళ్లబడుతుంది. ఈ సంగతి చుట్టాలకీ స్నేహితులకీ తెలిసిపోవడంతో ఎక్కడ ఏ పుకారు లేచినా ఫోన్ నాకే వస్తుంది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది, అందుకే రాసి పెడుతున్నా. ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

అపోహ: బాకీ కట్టకపోతే చైనా వచ్చి పోర్టో ఎయిర్‌పోర్టో లాగేసుకుంటుంది.

అసలు నష్టం చేస్తున్నది ఇదే, కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తా.

అందరూ చూపించేది శ్రీలంకలోని హంబన్‌టోట. ఆ పోర్టు కోసం 2007లో ఎగ్జిమ్ బ్యాంక్ నుంచి తీసుకున్న మొదటి విడత అప్పు 30.7 కోట్ల డాలర్లు. 2017లో శ్రీలంక ఆ పోర్టును 99 ఏళ్లకు లీజుకిచ్చింది, తీసుకున్నది చైనా మర్చంట్స్ అనే కంపెనీ, ఇచ్చింది 112 కోట్ల డాలర్లు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ డబ్బు ఎటు పోయింది? పోర్టు అప్పు కింద జమ కాలేదు. అప్పటికి డాలర్లు నిండుకుంటున్న శ్రీలంక దాన్ని విదేశీ మారక నిల్వల్లో వేసుకుంది. ఎగ్జిమ్ బ్యాంక్ బాకీ అలాగే ఉండిపోయింది, ఆ తర్వాత కూడా ప్రభుత్వమే కట్టాల్సి వచ్చింది. బాకీకి జప్తు చేసి ఉంటే బాకీ తీరాలి కదా! ఇది డబ్బుకు ఇబ్బంది పడి అమ్ముకున్న లీజు. మంచి బేరమా కాదా అంటే వేరే చర్చ. 2022 ఆగస్టులో మన దేశం వద్దంటున్నా యువాన్ వాంగ్ 5 అనే చైనా నిఘా నౌక వచ్చి అదే పోర్టులో ఆగింది కాబట్టి మనకు మాత్రం నచ్చే బేరం కాదు.

ఇక ఎంటెబ్బే. 2021 నవంబర్‌లో ఉగాండా ఎయిర్‌పోర్ట్ చైనా చేతికి పోయిందని వార్త గుప్పుమంది. కంపాలాలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే మా ఊరి కుర్రాడు ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అన్నా, ఎయిర్‌పోర్ట్ చైనావాడికి రాసిచ్చేశారంట. నా సరుకు కార్గోలో వస్తోంది, డ్యూటీ ఇప్పుడు ఎవడికి కట్టాలి?" నవ్వొచ్చింది గానీ వాడికి నిజంగానే నిద్ర లేదు. పెట్టుబడంతా అక్కడే పెట్టాడు, ఇక్కడ వాళ్ల నాన్నేమో అన్నీ అమ్మేసి వచ్చేయమని ఒకటే పోరు. వాడి పక్క షాపాయన అంతపనీ చేశాడు, గోడౌన్‌లో సరుకు అయినకాడికి తెగనమ్ముకున్నాడు. ఇలాంటివాళ్ల మీద నాకు కోపం రాదు, పరాయి దేశంలో ఎవరికైనా టెన్షనే. కోపమంతా ఒప్పందం ముఖం కూడా చూడకుండా 'బ్రేకింగ్' అని కేకలు పెట్టినవాళ్ల మీదే.

ఆ ఒప్పందాన్ని 2022లో ఎయిడ్‌డేటా అనే అమెరికా పరిశోధన సంస్థ బయటపెట్టింది. 2015 నాటి అప్పు, 20 కోట్ల డాలర్లు, 2 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. రన్‌వేని, టెర్మినల్‌ని స్వాధీనం చేసుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. మరి ఏముంది? ఎయిర్‌పోర్ట్ ఆదాయం ముందు ఈ అప్పు తీర్చడానికే వాడాలి. అందుకోసం విడిగా ఖాతాలు తెరిచి డబ్బు నిల్వ ఉంచాలి. పేచీ వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల తీర్పు) బీజింగ్‌లో.

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడికి డబ్బు తెచ్చుకున్న రైతుని ఎవర్నైనా అడగండి, ఇది చిటికెలో అర్థమైపోతుంది. ఆ వ్యాపారి పొలం రాయించుకోడు. పొలం ఆయనకెందుకు, నీళ్లు పెట్టాలి, కూలీలను చూసుకోవాలి. పంట మాత్రం తన కొట్టుకే రావాలంటాడు. అమ్మిన డబ్బులోంచి ముందు తన బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఎగ్జిమ్ బ్యాంక్ పద్ధతి కూడా ఇంతే. జనమేమో పొలం పోయిందా లేదా అని చూస్తుంటారు, తక్కెడ ఎవరి కొట్లో ఉందో చూడరు.

కెన్యాలోనూ ఇదే వరస. మొంబాసా పోర్టు చైనాకు పోతుందని 2018 చివర్లో గోల గోల అయింది. పోర్టు ఎక్కడికీ పోలేదు. ఆ గోలలో ఎవరికీ పట్టనిది ఇంకొకటుంది: చైనా అప్పుతో కట్టిన మొంబాసా - నైరోబీ రైలు మార్గానికి ఇంత సరుకు ఇస్తామని, తగ్గితే తేడా తామే భరిస్తామని పోర్టు అథారిటీ రాసిచ్చింది. దాంతో కంటైనర్లను మొంబాసాలోనే క్లియర్ చేయించుకుని లారీలో తెచ్చుకునే వీలు లేకుండా, తప్పనిసరిగా రైల్లో నైరోబీ డిపోకి పంపేలా చేశారు. నైరోబీలో బోరు రిగ్గుల విడిభాగాలు తెప్పించుకునే మనవాడు ఒకతను తన బిల్లులు నా ముందు పరిచాడు. రైలు ఛార్జీ ఒకటి, డిపో నుంచి గోడౌన్‌కి మళ్లీ లారీ, పైగా ఖాళీ కంటైనర్‌ని తిరిగి మొంబాసాకి పంపే ఖర్చు. "చైనావాడు పోర్టు తీసుకుంటాడేమోనని భయపడ్డాం సార్, వాడు నా బిల్లులో కూర్చున్నాడు" అన్నాడు. 2022లో రూటో అధ్యక్షుడయ్యాక గానీ ఆ నిబంధన సడలలేదు.

ఇంకోటి గోప్యత. 24 దేశాలు చైనా సంస్థలతో చేసుకున్న 100 ఒప్పందాలను పరిశోధకులు చదివి 2021లో ప్రచురించారు. వాటిలో 2014 తర్వాతి వాటన్నిటిలోనూ వివరాలు బయటపెట్టకూడదనే షరతు ఉంది. జాంబియా 2020 నవంబర్‌లో 4.25 కోట్ల డాలర్ల బాండు వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. అంతకుముందు గడువు అడిగితే, చైనాకు ఎంత బాకీ ఉన్నారో తేల్చి చెప్పమని బాండుదారులు పట్టుబట్టారు. ఇతర ప్రభుత్వాల బాకీల మీద ఒక ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. ఆ దేశ విద్యుత్ సంస్థ జెస్కోని చైనా తీసేసుకుంటోందని 2018లోనే పుకారు పుట్టింది, డిఫాల్ట్ అయ్యాక కూడా ఎవరూ తీసుకోలేదు.

అపోహ: అయితే భయమే అక్కర్లేదు, అంతా పాశ్చాత్యుల ప్రచారం.

పై భాగం చదివి వెంటనే ఈ మాట అనేవాళ్లుంటారు. అర్జెంటీనాలో 2016లో మాక్రీ ప్రభుత్వం పటగోనియాలో చైనా డబ్బుతో కట్టే రెండు డ్యాములను పునఃపరిశీలిస్తామంది. చైనా డెవలప్‌మెంట్ బ్యాంక్ నుంచి ఉత్తరం వచ్చింది: ఇది ఆపితే క్రాస్ డిఫాల్ట్ షరతు (ఒక అప్పు విషయంలో మాట తప్పితే ఇంకో అప్పులోనూ తప్పినట్టే లెక్క) కింద బెల్గ్రానో రైల్వే అప్పు కూడా ఆగిపోవచ్చు. డ్యాముల పరిమాణం తగ్గించి ముందుకెళ్లారు తప్ప రద్దు చేయలేకపోయారు. ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, చైనాతో మాట్లాడాల్సిన తీరు మారలేదు. పైన చెప్పిన పరిశోధనలో చూసిన ఈ బ్యాంకు ఒప్పందాల్లో, చైనాతో దౌత్య సంబంధాలు తెంచుకున్నా డిఫాల్ట్ కిందే లెక్క! బ్యాంకు పత్రంలో దౌత్యం ఏంటండీ? ఆ బ్యాంకు ప్రభుత్వానిది కాబట్టి.

2022 అక్టోబర్‌లో షిన్‌జియాంగ్ (వీగర్ ముస్లింలను అణచివేస్తున్నారన్న ఆరోపణలున్న చైనా ప్రాంతం) మీద కనీసం చర్చ పెడదామన్న ప్రతిపాదన ఐరాస మానవ హక్కుల మండలిలో 17-19 తేడాతో వీగిపోయింది, 11 దేశాలు ఓటు వేయలేదు, వాటిలో మనదీ ఉంది. అప్పుల వల్లే అలా జరిగిందని అనను, మనం వాళ్ల అప్పులో లేం కదా. బీజింగ్‌తో గొడవెందుకులే అనుకోవడానికి చాలా కారణాలుంటాయి, అప్పు వాటిలో ఒకటి.

అపోహ: శ్రీలంకను ముంచింది చైనాయే.

2022లో చేతులెత్తేసేనాటికి విదేశీ బాకీల్లో పెద్ద వాటా అంతర్జాతీయ మార్కెట్‌లో అమ్మిన బాండ్లదే, చైనాది సుమారు ఐదో వంతు. 2019లో పన్నులు అడ్డగోలుగా తగ్గించారు, కోవిడ్‌తో పర్యాటకం పోయింది, 2021లో రసాయన ఎరువులు నిషేధించారు. ఇవి బీజింగ్ చెప్పి చేయించినవి కావు.

అపోహ: చైనా అప్పు కారుచౌక.

ఎంటెబ్బేకి 2 శాతమే గానీ, హంబన్‌టోట మొదటి విడత వడ్డీ 6.3 శాతం. చాలా?

అపోహ: ఏఐఐబీ (చాలా దేశాలు వాటాదారులుగా ఉన్న ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు) అప్పు అంటే చైనా అప్పే, ఆంధ్రప్రదేశ్‌ని కూడా తాకట్టు పెట్టేశారు.

ఎన్నికలొస్తే చాలు ఇది గ్రూపుల్లో తిరుగుతుంది. 24 గంటల విద్యుత్ పథకానికి 2017లో ఆంధ్రప్రదేశ్‌కి ఏఐఐబీ 16 కోట్ల డాలర్లు ఇచ్చిన మాట నిజం. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం బీజింగ్‌లో ఉండటమూ నిజం, ఓట్లలో పావు వంతుకు పైగా చైనావే కాబట్టి పెద్ద నిర్ణయాలను అడ్డుకునే బలమూ దానికుంది. కానీ వాటాల్లో చైనా తర్వాత స్థానం మనదే, అక్కడ ఎక్కువ అప్పులు తీసుకున్నదీ మనమే, ఈ విద్యుత్ పథకంలో ప్రపంచ బ్యాంకు కూడా డబ్బు పెట్టింది. పైగా ఆ ప్రాజెక్టు పత్రాలు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎంటెబ్బే పత్రాల కోసం ఉగాండా జనానికి ఏడేళ్లు పట్టింది.