మిక్సీలో చెంచా పడలేదర్రా

చిరంజీవులు చిన్నూ, అమ్ములూ, తాతయ్య ఆశీస్సులు.

మీరు బస్సెక్కిన మర్నాడే రాద్దామనుకున్నాను. మీరు వినిపించిన 'గోట్' పాటలు, అదే ది జీసస్ లిజర్డ్ అనే అమెరికా రాక్ బ్యాండువి, ఇంకో నాలుగుసార్లు వింటే గాని నోరెత్తకూడదని ఆగాను. ఆ రోజు స్పీకర్లో మొదటి పాట పెట్టగానే మీ అమ్మమ్మ వంటింట్లోంచి "మిక్సీలో చెంచా పడిందేమో చూడండి" అని కేకేసింది, గుర్తుందా? నేనూ నవ్వి, "ఇదేం సంగీతంరా, గోల" అన్నాను. చిన్నూ ముఖం చిన్నబోయింది. ఇప్పుడూ గోల కాదనను. కానీ చాలా లెక్కగా చేసిన గోల. ఆ లెక్కేమిటో చెబుదామనే ఈ ఉత్తరం.

ది జీసస్ లిజర్డ్ అంటే నీళ్లమీద పరుగెత్తే ఒక బల్లికి అమెరికాలో ఉన్న ముద్దుపేరు. ఆ బ్యాండు టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పుట్టి షికాగో చేరింది. 1989లో వాళ్లు తెచ్చిన చిన్న రికార్డులో డ్రమ్ములు వాయించింది మనిషి కాదు, యంత్రం. తరవాత మ్యాక్ మెక్‌నీలీ అనే డ్రమ్మరు చేరాడు. 1990లో 'హెడ్', మరుసటేడే రెండో ఆల్బమ్ 'గోట్'. తొమ్మిది పాటలు, మొత్తం అరగంట. నన్నడిగితే ఈ రెండో దాని బలమంతా ఆ డ్రమ్మరు కుదురుకోవడంలో ఉంది. యంత్రంలా కాలం తప్పడు, అయినా దెబ్బ దెబ్బకీ బరువు మారుతుంది. యంత్రానికి అది చేతకాదు.

ముప్పయ్యేళ్లు రేడియోలో రికార్డింగు పని చేసినవాణ్ణి కదా, పాట కంటే ముందు మైకు ఎక్కడ పెట్టారా అని నా చెవి వెతుకుతుంది. కొత్తలో ఒకసారి సన్నాయి మేళం వచ్చింది. డోలు మోత ఎక్కువైపోతోందని, మోత కొలిచే మీటరు సూది ఎర్ర గీత దాటితే పైవాళ్ల చేత చీవాట్లు తప్పవని, డోలు ముందు దుప్పటి కట్టించాను. రికార్డు చేసింది వినిపిస్తే ఆ డోలు విద్వాంసుడు నెమ్మదిగా "ఇది ఎవరి డోలు బాబూ?" అన్నాడు. గదిలో మోగే మోతంతా పోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఆయన ముందు తలెత్తలేకపోయాను.

'గోట్' రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ ఆ దుప్పటి కట్టని మనిషి. వాయిద్యాలన్నీ కలిసి వాయిస్తుండగానే టేపు మీదికి ఎక్కించేవాడు. డ్రమ్ముల దగ్గర కొన్ని మైకులు, గదిలో దూరంగా మరికొన్ని. దెబ్బ పడ్డాక గోడల్ని తాకి తిరిగొచ్చే శబ్దం కూడా డ్రమ్ములో భాగమేనని ఆయన పట్టుదల. తనని ప్రొడ్యూసర్ అంటే ఒప్పుకునేవాడు కాదు. రికార్డు చేసినవాణ్ణి అనండి, చాలు అనేవాడు. తరవాత నిర్వానా అనే రాక్ బ్యాండు వాళ్ల ఆల్బమ్‌కి పిలిస్తే, అమ్మకాల్లో వాటా నాకొద్దు, ప్లంబరుకి ఇచ్చినట్టు చేసిన పనికి కూలి ఇవ్వండి అని ఉత్తరం రాశాడు. నా వృత్తివాడు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతున్నాను, ఏమనుకోకండి. ఈ బ్యాండులో బేస్ గిటారు, అంటే కింది స్వరాల గిటారు, వాయించే డేవిడ్ సిమ్స్ అంతకుముందు ఆల్బినీతోనే ఒక బ్యాండులో ఉండేవాడు. దాని పేరు మాత్రం ఈ ఉత్తరంలో రాయను. పెట్టినందుకు ఆల్బినీయే తరవాత సిగ్గుపడ్డాడు.

ఇక వినడం. మీరు గొంతు వెంట పరుగెడుతున్నారు, అందుకే అలిసిపోతున్నారు. మన సినిమా పాటలో గొంతు పల్లకీలో ఉంటుంది, వాద్యాలు మోస్తాయి. ఇక్కడ పాడే డేవిడ్ యౌ గొంతుని వాద్యాల కిందకి తోసేశారు. పక్కింట్లో ఎవరో తలుపు బాదుతూ అరుస్తున్నట్టుంటుంది. మాటలు సగం తెలియవు. కాబట్టి 'మంకీ ట్రిక్' పెట్టి, మొదట్లో వచ్చే బేస్‌ని పట్టుకోండి. పాట ఎటు పోయినా దాన్ని వదలొద్దు. నేను కింద చాప వేసుకుని కూర్చుని చేత్తో తాళం వేస్తూ విన్నాను. ఒక పాటలో నా చెయ్యి తప్పింది, వాళ్లది తప్పలేదు.

'సీసిక్' పాట సంగతి చూడండి. యౌ ఈత వచ్చంటాడు, రాదంటాడు, అదే మళ్లీ మళ్లీ. వెనక బేసూ డ్రమ్ములూ మాత్రం అలల్లా ఒకే తీరున వస్తూనే ఉంటాయి. వాళ్లూ గాడి తప్పి ఉంటే అది ఉత్త గందరగోళం. వాళ్లు తప్పరు కాబట్టే ఇతను మునిగిపోతున్నాడని మన గుండె దడదడలాడుతుంది. అమ్ములూ, నువ్వు చెవులు మూసుకున్నది సరిగ్గా అక్కడే.

గిటారు గరగరలాడితేనే ఇలాంటి సంగీతమని చిన్నూ అన్నాడు. యాంప్లిఫయరు శక్తికి మించి తోస్తే శబ్దతరంగం పైకప్పు తెగిపోయి ఆ గరగర పుడుతుంది, నిజమే. కానీ ఈ బ్యాండు గిటారిస్టు డ్వేన్ డెనిసన్ దాన్ని పొదుపుగా వాడాడు. శాస్త్రీయ గిటారు చదువుకున్నవాడు. తీగ తీగా విడిగా, రేకు కోసినట్టు వినిపిస్తుంది. 'నబ్'లో తీగల మీద జారుడు పలుకు ఉంది, మళ్లీ వినండి. ఆ పాట అవయవం తెగిపోగా మిగిలిన మొండి గురించి. ఇంకొన్ని పాటల కథలు మీ వయసుకి ఇప్పుడే వద్దు. మాటలు వెతికి చదివే ముందు అమ్మకి చెప్పండి.

ఆల్బినీ 2024 మేలో పోయాడు. అదే ఏడాది ఈ బ్యాండు ఇరవయ్యారేళ్ల తరవాత కొత్త ఆల్బమ్ తెచ్చిందట. అది నేనింకా వినలేదు.

దసరాకి వచ్చేటప్పుడు నా పాత స్పీకర్లకి తగిలించే వైరు ఒకటి కొని తీసుకురండి, ఫోన్లో ఆ బేస్ సగం కూడా రావడం లేదు. అమ్మమ్మ గుడికి వెళ్లాక పెట్టుకుందాం. ఒకటిన్నర గంట దాకా తిరిగి రాదు. మూడుసార్లు వినొచ్చు.

మీ తాతయ్య