రెండు టర్బోలు, ఆరు రాడ్లు

నిస్సాన్ 350జెడ్ స్పోర్ట్స్ కారుకి టర్బో కిట్ వేయించాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎన్ని హార్స్‌పవర్ వస్తుంది? అమ్మేవాళ్లూ ఆ అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. నన్నడిగితే, ఆ పవర్ ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుందన్నది అంతకన్నా ముఖ్యం. ఇంజన్ బతకడం, పోవడం చాలావరకు దాని మీదే ఉంటుంది.

అమెరికాలో 2003 మోడల్‌గా వచ్చిన ఈ కారులో వీక్యూ35డీఈ అనే 3.5 లీటర్ల వీ6 ఇంజన్ ఉంటుంది. టర్బో లేకుండానే 287 హార్స్‌పవర్, 371 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. కంప్రెషన్ రేషియో 10.3, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని దాదాపు పదో వంతుకి నొక్కుతుంది. కంపెనీ దీన్ని టర్బో కోసం తయారుచెయ్యలేదు. లోపల పిస్టన్లని క్రాంక్ ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్లు సన్నవని జెడ్ నడిపేవాళ్లందరికీ తెలుసు. 2007 మోడల్లో వచ్చిన వీక్యూ35హెచ్ఆర్‌లో రాడ్ల పొడవు పెంచారు, పవర్ 306కి చేరింది. మనం మాట్లాడుకునేది పాతదాని గురించే, ఎందుకంటే సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికేది అదే.

ఈ ఇంజన్ 6000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి పదివేల అయిదువందల లీటర్ల గాలి పీలుస్తుంది. పవర్ పెంచాలంటే అంతే చోటులో ఇంకాస్త ఎక్కువ గాలిని కూరాలి, దానికి తగ్గ పెట్రోలు పొయ్యాలి. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో గాలిని నొక్కడమే టర్బో పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రెండు టర్బోలతో మార్కెట్లోకి వచ్చిన మొదటి కారు 1981 నాటి మాసెరాటీ బైటర్బో.

మరి ఒక్క పెద్ద టర్బో పెట్టుకుంటే పోదా? చక్రం వ్యాసం పెరిగేకొద్దీ దాని బరువు మూడో ఘాతంలో పెరుగుతుంది. దాన్ని తిప్పడానికి అడ్డుపడే జడత్వం ఏకంగా అయిదో ఘాతంలో పెరుగుతుంది. గాలిని సగం సగం పంచుకునే రెండు టర్బోలు పెడితే ఒక్కోదాని వ్యాసం 70 శాతానికి తగ్గుతుంది, జడత్వం మాత్రం 18 శాతానికి పడిపోతుంది. రెండూ కలిపినా పెద్దదానిలో మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. అందుకే కాలు నొక్కగానే తిరుగుడు అందుకుంటాయి. చిన్న చక్రం అంచుకీ గోడకీ మధ్య సందు నిష్పత్తిలో ఎక్కువ కాబట్టి కొంత లాభం అక్కడ పోతుంది, అయినా మిగిలేది తక్కువేం కాదు. పైగా వీ6లో ఒక్కో వైపు మూడు సిలిండర్లుంటాయి. వాటి పొగ ఇంజన్ 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా సమానంగా వచ్చి టర్బోని తోస్తుంది. ఒక్క టర్బో కిట్‌లో రెండో వైపు పొగని ఇంజన్ చుట్టూ పైపు తిప్పి తేవాలి. దారిలో వేడి పోతుంది, వేడి పోతే శక్తీ పోయినట్టే.

ఈ కారుకు పేరున్న ట్విన్ టర్బో (రెండు టర్బోల) కిట్లలో రెండు: జపాన్ వాళ్ల గ్రెడ్డీ, ఆస్ట్రేలియా వాళ్ల ఏపీఎస్. కాలిఫోర్నియా కంపెనీ టర్బోనెటిక్స్ ఒకే టర్బో ఉన్న కిట్ అమ్మింది. వీటిలో ఏది గొప్పదన్న వాదన తెగేది కాదు. అది వదిలేసి ఒక లెక్క చూద్దాం.

రెండు కార్లూ 400 హార్స్‌పవర్ ఇస్తున్నాయి అనుకోండి. ఒకటి 6500 దగ్గర, రెండోది 4500 దగ్గర. మొదటిదానికి అక్కడ కావలసిన టార్క్ 438 న్యూటన్ మీటర్లు. రెండోదానికి 633. కంపెనీ ఇచ్చింది 371 అని మరిచిపోకండి. టార్క్ అంటే సిలిండర్‌లో ఒత్తిడి, ఆ ఒత్తిడంతా రాడ్ నెత్తిన పడుతుంది. ఆర్‌పీఎమ్ ఎక్కువైతే పిస్టన్ బరువు రాడ్‌ని సాగదీస్తుంది, టార్క్ ఎక్కువైతే మంట దాన్ని వంచుతుంది. వీక్యూ35డీఈ రాడ్‌కి భయపడాల్సింది ఈ వంపుకే. అంటే తొందరగా బూస్ట్ (టర్బో గాలికి ఇచ్చే అదనపు ఒత్తిడి) అందుకునే కిట్, నడపడానికి ఎంత సరదాగా ఉంటుందో, స్టాక్ ఇంజన్‌కి, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నదానికి, అంత ప్రమాదం. రాడ్లూ పిస్టన్లూ మార్చే ఉద్దేశం లేనివాళ్లు కాస్త ఆలస్యంగా మేలుకునే కిట్‌నే తీసుకోవాలని నా అభిప్రాయం. ఇది చాలామందికి రుచించదు.

బూస్ట్‌ని అదుపులో ఉంచేది వేస్ట్‌గేట్. టర్బో మీదకు పోకుండా కొంత పొగని పక్కదారి పట్టించే తలుపు అది. తక్కువ బూస్ట్ కావాలంటే ఎక్కువ పొగ పక్కకు పోవాలి, కాబట్టి తలుపు పెద్దదే ఉండాలి. చిన్న వేస్ట్‌గేట్ పెట్టిన కిట్‌లో 0.5 బార్‌కి సెట్ చేసినా పై ఆర్‌పీఎమ్‌లో బూస్ట్ తనంతట తానే పాకుతూ పోతుంది. జాగ్రత్తగా నడుపుదామనుకున్నవాడే ఇలా ఇంజన్ పోగొట్టుకుంటాడు.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు అడుగు కాలినట్టే. బయట 35 డిగ్రీలున్నప్పుడు 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) నుంచి 0.5 బార్ దగ్గర గాలి సుమారు 89 డిగ్రీలతో వస్తుంది. 1 బార్ దగ్గర 131. సామర్థ్యం 60కి పడితే అదే 1 బార్‌కి 148. గాలి అంత వేడిగా లోపలికెళ్తే స్పార్క్ రాజేసిన మంట ఇంకా చేరని పెట్రోలు తనే అంటుకుంటుంది, ఇంజన్ నాక్ అవుతుంది. అందుకే ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది) లేని కిట్ వైపు చూడొద్దు. కంప్రెసర్ మ్యాప్ (ఎంత గాలికి, ఎంత ఒత్తిడికి సామర్థ్యం ఎంతో చూపే పటం) ఇవ్వమంటే నసిగే అమ్మకందారుని కూడా నమ్మొద్దు.

పెట్రోలూ లెక్కలోకి వస్తుంది. కాలిఫోర్నియాలో ప్రీమియం అంటే మామూలుగా 91 ఆక్టేన్ (నాక్‌ని తట్టుకునే గుణం), టెక్సస్‌లో 93. డాలస్‌లో ఉన్న మనవాడు పెట్టుకున్న ట్యూన్‌ని (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగుల్ని) కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్నవాడు యథాతథంగా వాడకూడదు. అక్కడి 91 రెండు పద్ధతుల సగటు, మన బంకుల లెక్కలో అది దాదాపు 95-96. ఇక పరిమాణం సంగతి. 400 హార్స్‌పవర్ పూర్తిగా లాగితే గంటకు 130 లీటర్ల పైన తాగుతుంది. ఈ కారు ట్యాంకు 76 లీటర్లు, అంటే ఫుల్ ట్యాంకు అరగంట పైన ఓ నాలుగు నిమిషాలు వస్తుంది! కొంత వెసులుబాటు కలుపుకుంటే, దానికి ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 460 సీసీ దాకా పొయ్యగలగాలి. ఇంజెక్టర్లు, పంపు, ట్యూనింగ్ కిట్‌లో ఉన్నాయో, విడిగా కొనుక్కోవాలో ముందే తేల్చుకోండి. చవక కిట్ చవకగా ఉండటానికి కారణం తరచుగా ఇదే.

సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే మానిఫోల్డ్ విషయం చాలామంది పట్టించుకోరు. 40 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 850 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే మళ్లీ ముడుచుకుంటుంది. కారు తీసిన ప్రతిసారీ ఇదే తంతు, వెల్డింగ్ ఎక్కడ పల్చగా ఉంటే అక్కడ చిట్లుతుంది. పోత ఇనుము తక్కువ సాగుతుంది, బరువెక్కువ, చూడ్డానికి బాగుండదు. రోజూ తిరిగే కారుకి నేనైతే అదే ఎంచుతాను.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి ఇంకో గొడవ ఉంది. అక్కడి గాలి నాణ్యత బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేని కిట్‌తో స్మాగ్ పరీక్షకు (కారు పొగ తనిఖీకి) వెళ్తే కారు వెనక్కి పంపిస్తారు.

ఇరవై ఏళ్ల కిందటి ఈ కిట్లు ఇప్పుడు ఎక్కువగా వాడినవే దొరుకుతాయి. కొనేముందు ఇన్‌టేక్ పైపు తీయించి, కంప్రెసర్ చక్రం మధ్యనున్న నట్‌ని రెండు వేళ్లతో పట్టుకోండి. మామూలు బేరింగ్ టర్బోలో పక్కలకి కొద్దిగా కదిలితే ఫర్వాలేదు, నూనె ఒత్తిడి వచ్చాక అది సర్దుకుంటుంది. బాల్ బేరింగ్‌ది అయితే అది కూడా దాదాపు ఉండకూడదు. ముందుకీ వెనక్కీ లాగినప్పుడు వేలికి కదలిక తెలిసిందంటే మాత్రం థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గీతలూ చూడండి. నిమిషానికి లక్ష చుట్లు దాటే చక్రం అది, నూనె తిరిగి ఇంజన్ అడుగునున్న సంప్ తొట్టిలోకి దిగే పైపు సన్నగా ఉన్నా, మధ్యలో పైకి ఎత్తుగా వంగి ఉన్నా నూనె వెనక్కి నిలిచి సీలు దాటుతుంది, నీలం పొగ వస్తుంది. నీలం పొగ చూసి టర్బో మార్చేవాళ్లే ఎక్కువ. ముందు ఆ పైపు మార్చి చూడమని చెప్పండి.