టన్ను బరువుకి ఎన్ని గుర్రాలు?

ఊళ్లో హెచ్‌పీ, అంటే హార్స్‌పవర్, అనే మాట మొదట వినపడేది బోరు మోటారు దగ్గర. మూడా, అయిదా, ఏడున్నరా అన్నదాన్ని బట్టి ఎంత లోతు నుంచి నీళ్లొస్తాయో, ఎన్ని మడులు తడుస్తాయో రైతు నోటిలెక్కగా చెప్పేస్తాడు. బోరులో ఊరే నీటికి మించిన మోటారు దించితే కాసేపటికే నీళ్లు తెగిపోయి గాలి కక్కుతుందని కూడా ఆయనకు తెలుసు. కార్ల దగ్గరికొచ్చేసరికి ఈ ఇంగితం ఎందుకో మాయమైపోతుంది. ఎన్ని గుర్రాలుంటే అంత గొప్ప!

ఇంటిల్లిపాదినీ, సామాన్లనూ మోసే కార్ల సంగతి పక్కన పెడదాం. కేవలం నడిపే సరదా కోసం పుట్టిన చిన్న స్పోర్ట్స్ కారును తీసుకుందాం. రెండే సీట్లు, టన్నుకు కాస్త అటూఇటూగా బరువు. బ్రిటన్‌లో లోటస్, జపాన్‌లో మాజ్దా ఇలాంటి వాటికి పెట్టింది పేరు. దీనికి నిజంగా ఎన్ని గుర్రాలు కావాలి?

ముందు గుర్రం సంగతి తేల్చాలి. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్మాలంటే, అప్పటిదాకా మిల్లుల్లో గానుగెద్దుల్లా తిరుగుతున్న గుర్రాలతో పోల్చి చూపించాల్సి వచ్చింది. అలా పుట్టిందే ఈ కొలత. నిజం గుర్రం బెదిరి లంఘిస్తే కొన్ని సెకన్ల పాటు 10 హెచ్‌పీ కూడా దాటేస్తుంది. వాట్ లెక్క రోజంతా నింపాదిగా పనిచేసే గుర్రానిది. యూరప్, జపాన్ కార్ల కంపెనీలు వాడే మెట్రిక్ లెక్కలో ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేపే శక్తి. అంటే ఒక మనిషిని భుజాన వేసుకుని సెకనుకో మీటరు ఎత్తు ఎక్కడం. ఈ 75ను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

టన్ను బరువున్న చిన్న కారు చదును రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతోందనుకుందాం. ఇంజన్ పడే పాటు రెండిటితోనే: ముందున్న గాలిని తోసుకుపోవడం, టైర్లను దొర్లించడం. మామూలు ఆకారమున్న రెండు సీట్ల కారుకు లెక్క వేస్తే గాలికి పదిన్నర, టైర్లకు 4 లేదా 5, మొత్తం 15 హెచ్‌పీ చాలు. అయిదు హెచ్‌పీ బోరు మోటార్లు మూడు! 100లో పోతున్న కారు బానెట్ కింద 500 గుర్రాలున్నా, ఆ క్షణాన 485 గుర్రాలు నిలబడి గడ్డి మేస్తున్నట్టే.

అయితే గాలి తేలిగ్గా వదిలిపెట్టే శత్రువు కాదు. వేగం రెట్టింపైతే గాలి ఎదురు తోసే బలం నాలుగు రెట్లవుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. 100 దగ్గర గాలికి పదిన్నర పెట్టిన కారు 200 దగ్గర 84 పెట్టాలి. టైర్లు, గేర్లు మింగేది కలిపితే 105, 110 దాకా తేలుతుంది. ఇది కాగితం లెక్క. 1989లో వచ్చిన మొదటి మాజ్దా ఎంఎక్స్-5 ఇంజన్ 1.6 లీటర్లది, శక్తి 115 హెచ్‌పీ దరిదాపు, గరిష్ఠ వేగం 195 చిల్లర. లెక్క బాగానే కుదిరింది. అదే కారును 300కు తీసుకెళ్లాలంటే 340 దాకా కావాలి. బుగాటి వేరాన్ 400 దాటడానికి 1,001 గుర్రాలు కట్టుకుంది. గాలికి కారు బరువుతో నిమిత్తం లేదు, దాని ఆకారం, వెడల్పు మాత్రమే చూస్తుంది. అందుకే బరువు తగ్గించినంత మాత్రాన గరిష్ఠ వేగం పెద్దగా పెరగదు. జర్మనీలో వేగపరిమితి లేని ఆటోబాన్ మీద చిన్న లోటస్‌ను ఓ బరువైన డీజిల్ సెడాన్ దాటుకుపోతే అందులో వింతేమీ లేదు.

టాప్ స్పీడు సరే, మనవాళ్లు ముందు అడిగేది పికప్. బండికి పికప్ ఉందా లేదా? ఇక్కడ మాత్రం బరువే రాజు. నిలబడ్డ కారు 100 అందుకోవాలంటే ప్రతి కిలోకూ 386 జౌళ్ల శక్తి ఎక్కించాలి. ఇంజన్ తన శక్తినంతా మొదటి క్షణం నుంచీ చక్రాలకు ఇవ్వగలిగితే ఎన్ని సెకన్లు పడుతుందో తేలికగా తేలుతుంది. నిజంలో అలా జరగదు: గేర్లు మార్చాలి, క్లచ్ వదలాలి, ఇంజన్ పూర్తి శక్తినిచ్చే ఆర్‌పీఎమ్‌ను (నిమిషానికి తిరిగే చుట్లను) అందుకోవాలి. ఇవన్నీ కలిసి ఆ ఆదర్శ సమయాన్ని దాదాపు 1.8 రెట్లు చేస్తాయి. గుణకారాలన్నీ చేసేస్తే నోటిలెక్క ఒకటి మిగులుతుంది: డ్రైవరుతో కలిపి టన్నుకు ఎన్ని గుర్రాలున్నాయో చూసి, 950ని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చేదే సున్నా నుంచి వందకు పట్టే సెకన్లు.

పాత ఎంఎక్స్-5కు టన్నుకు 111. భాగిస్తే 8.6 సెకన్లు, నిజానికీ అంతే. 1996 నాటి లోటస్ ఎలీజ్ బరువు 725 కిలోలు, శక్తి 120 లోపే. డ్రైవరును కూర్చోబెడితే టన్నుకు 150, లెక్క ప్రకారం 6.3, అసలు కారు 6 దగ్గర తిరుగుతుంది. 2017లో వచ్చిన ఫ్రెంచి ఆల్పీన్ ఎ110కి 252 గుర్రాలు, 1,100 కిలోలు. లెక్కలో 4.4, కంపెనీ మాట 4.5. ఇదే ఊపులో వేరాన్‌కు భాగహారం చేస్తే 1.9 సెకన్లు రావాలి. దానికి పట్టేది రెండున్నర. నాలుగు చక్రాలకూ శక్తి అందినా సరే, ఇంతకంటే తగ్గదు.

ఎందుకంటే అక్కడ ఇంజన్ పెత్తనం అయిపోయి, టైరు పెత్తనం మొదలవుతుంది. పొడి తారు రోడ్డు మీద మంచి రోడ్డు టైరు, తన మీద పడిన బరువుకు ఇంచుమించు సమానమైన బలంతో రోడ్డును పట్టుకోగలదు. అంతకు మించి తిప్పితే జారుతుంది, పొగ వస్తుంది, ముందుకు మాత్రం పోదు. ఎలీజ్‌నే చూడండి. డ్రైవరుతో 800 కిలోలు. ఇంజన్ వెనక ఉంది, పైగా వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కనుక వెనక చక్రాల మీద 70 శాతం, అంటే 560 కిలోలు పడతాయనుకుందాం. ఆ చక్రాలు తోయగల గరిష్ఠ బలం అంతే. ఇప్పుడు 75ను బయటికి తీద్దాం. 120 గుర్రాలను 75తో గుణిస్తే 9,000. దాన్ని 560తో భాగిస్తే సెకనుకు 16 మీటర్లు, అంటే గంటకు 58 కిలోమీటర్లు.

ఈ 58కి అర్థమేమిటంటే, ఆ వేగం లోపల ఎలీజ్‌కు ఉన్న 120 గుర్రాలే ఎక్కువ, టైర్లు వాటన్నిటినీ వాడుకోలేవు. 58 దాటాక ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టొచ్చు. ఇప్పుడు అదే కారులో 240 గుర్రాలు పెట్టండి. హద్దు 116 దగ్గరికి జరుగుతుంది. ఎలీజ్ పుట్టిన బ్రిటన్‌లో మోటార్‌వే మీద చట్టం ఒప్పుకునేది గంటకు 70 మైళ్లు, అంటే 113. డబ్బులు పోసి కొనుక్కున్న గుర్రాలన్నిటినీ ఒక్కసారి విప్పి చూద్దామన్నా చట్టం దాటాల్సిందే. 480 పెడితే 230 దాకా ఆచితూచి తొక్కాలి, లేదంటే కంప్యూటర్ మనకు తెలియకుండా ఇంజన్ పీక నొక్కుతుంటుంది. ఈ రోజుల్లో చాలా సూపర్‌కార్లలో జరుగుతున్నది ఇదే. మనం కాలు తొక్కుతాం, ఎంత ఇవ్వాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది.

మలుపుల్లో గుర్రాల ప్రసక్తే లేదు. 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో ఆ మంచి టైరు గంటకు 80 వరకు నిలబడుతుంది. భౌతికశాస్త్రం పాఠం ప్రకారం ఇందులో బరువు కూడా కొట్టేసుకుపోతుంది. రబ్బరు మాత్రం పాఠం చదువుకోలేదు. దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అందుకే ఒకే టైరు మీద తేలిక కారు ఎక్కువ వేగంతో మలుపు తిరుగుతుంది. బ్రేకుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 800 కిలోల కారు 100 నుంచి ఆగినప్పుడు పుట్టే వేడి, కుళాయి నీళ్లు ఒక లీటరు మరిగించడానికి సరిపోతుంది. 1,600 కిలోల కారుకు రెండు లీటర్లు. కొండ దారిలో దిగుతూ ప్రతి మలుపు దగ్గరా ఇలా నీళ్లు కాచుకుంటూ పోవాలి.

లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ పేరు మీద చెలామణిలో ఉన్న మాట ఒకటుంది: గుర్రాలు పెంచితే తిన్నని దారిలోనే వేగం, బరువు తగ్గిస్తే అన్నిచోట్లా వేగం. ఆయన పోయిన పద్నాలుగేళ్లకు వచ్చిన ఎలీజ్ ఈ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. అల్యూమినియం పట్టీలను వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికించిన చట్రం 68 కిలోలే, ఒక మనిషి బరువు. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకులకు బూస్టర్ లేదు. కారు తేలిక కాబట్టి అవి అక్కర్లేకపోయాయి, అవి లేవు కాబట్టి కారు ఇంకా తేలికైంది. దీన్నే తిరగేసి చూడండి. గుర్రాలు పెంచగానే పెద్ద గేర్‌బాక్సు కావాలి, పెద్ద రేడియేటర్, వెడల్పు టైర్లు, పెద్ద బ్రేకులు. వీటన్నిటి బరువూ లాగడానికి మళ్లీ గుర్రాలు. చిక్కంతా ఈ సుడిగుండంలోనే ఉంది.

ఇదంతా చదివి, తక్కువ గుర్రాలుంటే చాలు, కారు దానంతటదే బాగుంటుందని అనుకునే వాళ్లూ ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2012లో టయోటా, సుబారు కలిసి తెచ్చిన జీటీ86 మంచి ఉదాహరణ. 200 గుర్రాలు, 1,240 కిలోల దరిదాపు. పైగా, మైలేజీ కోసం పుట్టిన ప్రియస్‌కు ఇచ్చే రకం టైర్లనే కావాలని దీనికీ వేశారు. పట్టు తగ్గితే తక్కువ వేగంలోనే కారు వెనకభాగం కదులుతుంది, నడిపేవాడికి ఆట దొరుకుతుంది. ఎంత చక్కటి ఆలోచన! కానీ ఆ ఇంజన్‌కు 3,500, 4,500 ఆర్‌పీఎమ్‌ల మధ్య టార్క్ గుంట పడేది, అంటే ఇంజన్ తిప్పే బలం తగ్గిపోయేది, సరిగ్గా మలుపు నుంచి బయటికొచ్చి తొక్కే చోట. జనం ఏళ్ల తరబడి సణిగారు. ఆ తర్వాతి జీఆర్86కు 2.4 లీటర్ల ఇంజన్, 235 గుర్రాలు ఇచ్చి ఆ గుంట పూడ్చారు. జనం అడిగింది గుర్రాలనే, నిజానికి కావలసింది మాత్రం ఉన్న గుర్రాలు వేళకు అందడం.

బ్రోషర్‌లో వేసే హెచ్‌పీ ఒకే ఒక్క ఆర్‌పీఎమ్ దగ్గరి శిఖరం. బోరు మోటారు రోజంతా ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి దానికి ఆ ఒక్క అంకె చాలు. కారు ఇంజన్ కిందికీ పైకీ ఎక్కి దిగుతుంటుంది, శిఖరం మీద ఉండేది కాసేపే. ఈ తేడా ఎంతో 2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్ చూపించింది. ఎలీజ్ చట్రం నుంచే పుట్టిన ఆ విద్యుత్ కారు, 450 కిలోల బ్యాటరీ వల్ల 1,300 కిలోల దాకా తూగింది. టన్నుకు 180 చిల్లర గుర్రాలు. మన నోటిలెక్క అయిదు సెకన్లు దాటుతుందంటే, అది నాలుగుకే పూర్తిచేసింది. గేర్లు మార్చే పని లేదు, అట్టడుగు నుంచే పూర్తి బలం. మొదటి మలుపు రాగానే ఆ 450 కిలోలు లెక్క అడుగుతాయి, అది వేరే సంగతి. తేలికకు పెట్టింది పేరైన లోటసే 2019లో ఎవియా అనే విద్యుత్ కారును ప్రకటించింది: 2,000 దరిదాపు గుర్రాలు, 1,600 కిలోల పైమాటే బరువు. చాప్‌మన్ ఏమనేవాడో!

నా లెక్క అడిగితే, రోడ్డు మీద తిరిగే తేలిక స్పోర్ట్స్ కారుకు డ్రైవరుతో కలిపి టన్నుకు 150 నుంచి 200 గుర్రాలు. అయిదారు సెకన్లలో వంద అందుతుంది. గంటకు 60, 75 కిలోమీటర్లు దాటగానే ఎక్సలేటర్‌ను నేలకు తొక్కొచ్చు. 120 కిలోమీటర్ల వేగం లోపు ఎవరికైనా పికప్ చాల్లేదనిపించదు, టన్నుకు 200 పైన ఉంటే ఆ గుర్రాలన్నీ వాడుకునే చోటు రేస్‌ట్రాక్ మీద తప్ప దొరకదు. పెట్రోలు ఇంజన్‌తో అయితే నేను 150 వైపే మొగ్గుతాను, టార్క్ గుంట లేకపోతే. ఎంఎక్స్-5 చేసినవాళ్లు తమ ఆశయానికి గుర్రం మీంచే విల్లు ఎక్కుపెట్టే పాత జపాన్ యోధుల మాటను పేరుగా తీసుకున్నారు: జింబా ఇట్టాయ్, అంటే రౌతూ గుర్రమూ ఒకే ఒళ్లు కావడం. అందులో గుర్రం ఒక్కటే, గమనించండి.

అందరికంటే పిసినారి మాత్రం బ్రిటన్‌లోనే ఉంది. 1957 నాటి లోటస్ సెవెన్ వారసురాలు కేటర్‌హామ్ సెవెన్ 170. అందులో ఉన్నది జపాన్ చిట్టి కార్లకు సుజుకి చేసే 660 సీసీ టర్బో ఇంజన్, 85 గుర్రాలు. బరువు 440 కిలోలు. డ్రైవరుతో టన్నుకు 165. గాలిని కోసే ఆకారం కాదు, చక్రాలు నాలుగూ బయటికి తేలి ఉంటాయి, అందుకే నా నోటిలెక్క కంటే సెకను పైనే వెనకబడుతుంది, గరిష్ఠ వేగం 170 దగ్గర ఆగిపోతుంది. అందులో పక్క సీటులో 75 కిలోల మిత్రుణ్ని ఎక్కించుకుంటే టన్నుకు 165 కాస్తా 144కు పడిపోతుంది. ఆ పికప్ నిలబెట్టుకోవాలంటే ఇంజన్‌కు ఇంకో 12 గుర్రాలు జోడించాలి. లేదా, ఆయన్ని బస్సెక్కించాలి.