పన్నెండు పొరల వల: బ్యాలే టూటూపై అపోహలు, వాస్తవాలు

తెనాలిలో నాటకాల దుస్తులు కుట్టే ఇంట్లో పుట్టాను. కత్తెర పట్టడం అక్కడే నేర్చుకున్నాను. పందొమ్మిదేళ్ళుగా లండన్‌లో బ్యాలే దుస్తులు కుడుతున్నాను. ఊరికి వెళ్ళినప్పుడు ఫోనులో నా పని చూపిస్తే, కూచిపూడి నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లులు ఎన్నో ప్రశ్నలు వేస్తారు. ఎక్కువ ప్రశ్నలు టూటూ గురించే, అంటే బ్యాలే నర్తకి తొడిగే, నడుము చుట్టూ విచ్చుకునే వల గుడ్డ పొరల గౌను గురించే. ఆ ప్రశ్నల వెనుక ఉండే నమ్మకాలు మాత్రం దాదాపు ఎప్పుడూ అవే.

అపోహ: బ్యాలే పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్ళు టూటూలోనే ఆడారు.

వాస్తవం: బ్యాలే ఫ్రెంచి రాజాస్థానంలో ప్రభువుల చేతుల్లో పెరిగింది. 1653లో పద్నాలుగో లూయీ సూర్యుడి వేషం కట్టి ఆడినప్పుడు ఆయన వయసు 14 ఏళ్ళు. ఆ కాలంలో నడుము చుట్టూ విచ్చుకునే పొట్టి, బిరుసు పావడా లాంటిది తొడిగినది మగవాళ్ళే. దాన్ని టోన్‌లే అనేవారు. పారిస్ ఆపెరా వేదిక మీదికి వృత్తి నర్తకీమణులు వచ్చింది 1681లో. అంతవరకు అక్కడ ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. కూచిపూడి భాగవతులను ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. తీరా వేదికెక్కిన ఆడవాళ్ళకు దక్కినవి నేల మీద జీరాడే దర్బారు గౌనులు, మడమ జోళ్ళు, ముఖానికి ముసుగులు.

మనం టూటూ అనుకునే రూపం మొదట పేరు తెచ్చుకున్నది 1832 మార్చి 12న, పారిస్‌లో ‘లా సిల్ఫీద్’ ప్రదర్శనతో. నర్తకి మారీ టాల్యోనీ తొడిగిన ఆ తెల్లని, గంట ఆకారపు పల్చటి గౌను పిక్కల దాకా దిగేది. ఆ రాత్రి దాన్ని ఎవరూ టూటూ అనలేదు. ఫ్రెంచి పిల్లలు పిరుదులను ముద్దుగా పిలిచే మాట నుంచి ఆ పేరు పుట్టిందంటారు. అది వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివరలోనే.

ఆ గౌనుకు అంత పేరు రావడంలో నర్తకి ప్రతిభతో పాటు దీపాలకూ, మగ్గాలకూ వాటా ఉంది. పారిస్ ఆపెరాలో 1822 నాటికే గ్యాసు దీపాలు వచ్చాయి. ఆ వెలుగులో తెల్లని పల్చటి గుడ్డ వెన్నెలలా కనిపిస్తుంది. ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంటు పొందిన యంత్రం వల గుడ్డను చేతి అల్లిక నుంచి తప్పించి చవక చేసింది. బ్యాలే చరిత్ర చెప్పేవాళ్ళు నర్తకుల పేర్లతో ఆగిపోతుంటారు. కుట్టేదాన్ని కనుక నాకు గుడ్డ చరిత్రే ముందు కనిపిస్తుంది.

అపోహ: కాళ్ళు చూపించడానికే గౌను పొట్టిదైంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. పారిస్ ఆపెరాలో డబ్బున్న చందాదారులు నర్తకుల గదిలోకి వచ్చిపోయేవారు. వాళ్ళ చూపులకు ఆ దుస్తులతో సంబంధం లేదని నేను అనను. కానీ గౌనును పైకి జరిపించిన అసలు బలం నర్తకి పాదాల పని. 1730ల్లో మారీ కమార్గో గాలిలోకి ఎగిరి, రెండు పాదాలనూ చకచకా ముందువెనుకలుగా మార్చేది. జీరాడే అంచు కింద ఆ పనితనం ఎవరికి కనిపిస్తుంది? అంచును చీలమండల పైకి ఎత్తింది, మడమలు లేని జోళ్ళు వేసుకుంది. అదే కాలంలో, 1734లో, మరో నర్తకి మారీ సాలే లండన్‌లో గౌను కింది బుట్ట చట్రం తీసేసి సాదా మస్లిన్ దుస్తులతో ఆడింది. శతాబ్దంన్నర తర్వాత ఇటలీ నర్తకీమణులు రష్యా వెళ్ళి ఆ అంచును ఇంకా పైకి జరిపారు. పియెరీనా లెన్యానీ 1893లో ఒంటికాలి మీద వరుసగా 32 సార్లు తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను ఆశ్చర్యపరిచింది. మోకాలు ఎక్కడుందో కనిపించకపోతే ఆ తిరుగుడులో అందం తెలియదు.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. లెన్యానీ 1895లో ‘స్వాన్ లేక్’ ఆడినప్పుడు పళ్ళెంలా నిలబడే టూటూ వేసుకుందని చాలామంది అనుకుంటారు. నాటి ఫోటోల్లో ఉన్నది మోకాలి దాకా మెత్తగా వాలిన గౌను. ఇప్పుడు పోస్టర్ల మీద కనిపించే బల్లపరుపు రూపం 20వ శతాబ్దపు సంగతి.

అపోహ: గంజి దట్టంగా పెడితే టూటూ నిలబడుతుంది.

వాస్తవం: పాతకాలంలో టార్లటాన్ అనే పల్చటి నూలు గుడ్డకు గంజి పెట్టేవారు. చెమట తగలగానే అది వాలిపోయేది. నేటి నైలాను వలకు గంజి అక్కర్లేదు. నిలబెట్టేది కుట్టుపనే. నేను కుట్టే వాటిలో 10 నుంచి 12 పొరలుంటాయి. లోపలి లాగు మీద, కాలి దగ్గర రెండు వేళ్ళ వెడల్పు కుచ్చుతో మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ వెడల్పు పెంచుతాను. పై పొర జానన్నర దాటుతుంది. కింది పొర పై పొరను మోస్తుంది. మధ్య పొరల్లో ఒకదానికి గొట్టంలా కుట్టి సన్నని ఉక్కు తీగ దూరుస్తాం. తర్వాత పొరలన్నిటినీ కలుపుతూ చేత్తో వదులు టాకాలు వేయాలి. బిగిస్తే గౌను అట్టముక్కలా మారుతుంది, మరీ వదిలేస్తే పొరలు చెల్లాచెదురవుతాయి. ఈ టాకాలు నేర్చుకోవడానికే నాకు రెండేళ్ళు పట్టింది.

తీగ లేకుండా కూడా చేయవచ్చు. న్యూయార్క్‌లో దుస్తులు కుట్టే బార్బరా కరిన్‌స్కా 1950లో నృత్య దర్శకుడు బాలన్‌షీన్ బ్యాలే ‘సింఫనీ ఇన్ సి’ కోసం తక్కువ పొరలతో, తీగ తీసేసి, పౌడరు అద్దుకునే కుచ్చులాంటి టూటూ చేసింది. నర్తకులు దగ్గరదగ్గరగా నిలబడినా అది ఒకరికొకరికి అడ్డుపడదు. నా దృష్టిలో ఈ వృత్తిలో అంతకన్నా తెలివైన పని లేదు.

పై భాగాన్ని, అంటే రవికను, విడిగా కుట్టి కొన్ని చోట్ల మాత్రమే కింది భాగానికి పట్టిస్తాం. లేకపోతే చేతులెత్తినప్పుడల్లా గౌను పైకి లేస్తుంది. పక్క ముక్కలు మన రవికల్లాగే క్రాస్ కటింగ్‌లో ఉంటే పక్కటెముకలు ఊపిరికి విచ్చుకోగలవు. వెనుక హుక్కులకు రెండు మూడు వరుసల కాజాలు పెడతాం, ఒకే దుస్తులు తర్వాత ఎందరికో సరిపోవాలి కనుక. లోపలి పట్టీ మీద వేసుకున్నవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

అపోహ: అంత పల్చటి గుడ్డ ఎవరికి హాని చేస్తుంది?

వాస్తవం: ఈ ప్రశ్నకు ఎమ్మా లీవ్రీ పేరు చెప్పాలి. టాల్యోనీ శిష్యురాలు. పల్చటి గుడ్డలో ప్రతి పోగుకూ గాలి తగులుతుంది కనుక నిప్పు క్షణంలో పాకుతుంది. పటిక కలిపిన ద్రావణంలో ముంచితే గుడ్డ అంత తొందరగా అంటుకోదని అప్పటికే తెలుసు. పారిస్‌లో 1859లో దీనిపై ఆదేశం కూడా వచ్చింది. అయితే ముంచిన గుడ్డ మాసినట్టు, బిరుసుగా అయ్యేది. లీవ్రీ దాన్ని తొడగనంది. 1862 నవంబరు 15న రిహార్సల్‌లో గౌను నలగకుండా సర్దుకుంటుండగా గ్యాసు దీపం నుంచి దానికి నిప్పంటుకుంది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో మరణించింది. కాలగా మిగిలిన ఆమె దుస్తుల పీలికలు పారిస్ ఆపెరా మ్యూజియంలో ఉన్నాయి. ఆమెది మొండితనమని కొందరు తేలికగా రాస్తారు. నేను ఒప్పుకోను. గుడ్డ బరువెక్కితే ఆట పోతుందని భయపడిన ఇరవై ఏళ్ళ పిల్ల ఆమె. భద్రంగానూ తేలికగానూ ఉండే గుడ్డ ఇవ్వాల్సిన పూచీ దుస్తులు చేసేవాళ్ళది.

ఉతకడం గురించి ఒక మాట. రవిక మీది పట్టు, రాళ్ళు, రంగులు నీళ్ళకు ఆగవు. అందుకే చాలా చోట్ల వోడ్కాలో నీళ్ళు కలిపి లోపలి వైపు చల్లుతారు. చెమట వాసన పోతుంది, మందు ఆవిరైపోతుంది. పొరలు వాలకుండా టూటూను తలకిందులుగా వేలాడదీస్తారు.

అపోహ: గులాబీ రంగు మేజోళ్ళు, జోళ్ళు బ్యాలే సంప్రదాయం, మార్చకూడదు.

వాస్తవం: ఆ గులాబీ ఐరోపా నర్తకుల ఒంటి రంగుకు దగ్గరగా ఎంచుకున్నది. నడుము నుంచి బొటనవేలి దాకా గీత ఒకటిగా సాగాలన్నది దాని ఉద్దేశం. నల్లని, చామనఛాయ కాళ్ళ మీద అదే గులాబీ ఆ గీతను తెంచేస్తుంది. న్యూయార్క్‌లో 1969లో మొదలైన నల్లజాతి నర్తకుల బృందం డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం 1970ల్లోనే ఎవరి ఒంటి రంగుకు తగిన మేజోళ్ళు వాళ్ళకు వాడటం మొదలుపెట్టింది. లండన్‌లో బ్యాలే జోళ్ళు చేసే ఫ్రీడ్ సంస్థ, నల్లజాతి, ఆసియా నర్తకుల బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమ రంగు జోళ్ళను అమ్మకానికి తెచ్చింది 2018లో. అంతవరకు ఆ రంగు నర్తకులు చాలామంది ముఖానికి రాసుకునే ఫౌండేషన్‌నే జోళ్ళకు పూసుకునేవారు.

పోయిన ఏడాది ఒక తెలుగు అమ్మాయికి మేజోళ్ళకు రంగు అద్దాను. చేయి తిప్పి మణికట్టు లోపలి రంగు చూశాను. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కనుక ఆరిన ముక్కతోనే సరిచూడాలి, అదీ వేదిక దీపం కింద. ఏడో ముక్కకు రంగు కుదిరింది.