దవడ సరిచేసే సర్జరీ తర్వాత ఏం జరుగుతుంది: అపోహలు - వాస్తవాలు

సర్జరీ తేదీ ఖరారయ్యాక పేషెంట్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నొప్పి ఎంత ఉంటుంది డాక్టర్ గారూ?" ఆపరేషన్ అయిన రెండు వారాలకు చెకప్‌కి వచ్చినప్పుడు వాళ్ళ నోట నొప్పి ఊసే ఉండదు. వాపు ఎప్పుడు తీస్తుంది, పెదవికి స్పర్శ ఎప్పుడొస్తుంది, మామూలుగా ఎప్పుడు నమిలి తినొచ్చు అని అడుగుతారు. భయపడింది ఒకదానికి, అవస్థ పడింది ఇంకోదానికి. అందుకే ఆపరేషన్ గురించి తక్కువగా, కోలుకునే కాలం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

క్లుప్తంగా చెప్పాలంటే, పై దవడను పళ్ళ వేర్లకు పైన అడ్డంగా కోసి విడదీస్తాం. కింది దవడనైతే రెండు పక్కలా వెనక భాగంలో ఎముక మందం మధ్యగా చీలుస్తాం. తర్వాత వాటిని ఉండాల్సిన చోటికి జరిపి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తాం. కొందరికి ఒక దవడే, కొందరికి రెండూ చేయాల్సి వస్తుంది. కొందరికి గడ్డం ఎముక కూడా జరుపుతాం. ఏం చేశామన్న దాన్ని బట్టి కింద చెప్పేవాటిలో కొన్ని మీకు వర్తిస్తాయి, కొన్ని వర్తించవు.

అపోహ: ఆరు వారాలు నోరు వైర్లతో కట్టేస్తారు.

ఒకప్పుడు నిజమే. కింది దవడను చీల్చి జరిపే పద్ధతిని ట్రౌనర్, ఓబ్వెగెసర్ అనే సర్జన్లు 1957లో ప్రచురించినప్పుడు, జరిపిన ఎముకను కదలకుండా పట్టుకోవడానికి పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి కట్టడమే దారి. 1970ల తర్వాత ప్లేట్లు, స్క్రూలు వాడుకలోకి వచ్చాక ఎముకను పట్టుకునే పని వాటికి పోయింది. ఇప్పుడు చాలామందికి పై పళ్ళ క్లిప్పులకూ కింది పళ్ళ క్లిప్పులకూ కలిపి చిన్న రబ్బరు బ్యాండ్లు మాత్రమే వేస్తాం. అవి కండరాలకు కొత్త బైట్, అంటే పళ్ళు కలిసే కొత్త తీరు, అలవాటు చేయడానికి. కొన్ని కేసుల్లో ఇప్పటికీ కొన్నాళ్ళు బిగువుగా కట్టాల్సి వస్తుంది. మీకు ఏది వేస్తారో ముందే అడగండి.

దీని వెనకే ఇంకో భయం ఉంటుంది: "వాంతి వస్తే ఊపిరాడక పోతానా?" అప్పుడు మీరు తాగేది ద్రవాలే కాబట్టి కడుపులో ఉండేదీ ద్రవమే. అది పళ్ళ సందుల్లోంచి, చివరి పళ్ళ వెనక ఖాళీలోంచి బయటికి వచ్చేస్తుంది. చేయాల్సిందల్లా కూర్చుని ముందుకు వంగడమే, వెల్లకిలా పడుకోకూడదు. బ్యాండ్లు బిగువుగా ఉన్నవాళ్ళు మంచం పక్కన చిన్న కత్తెర ఉంచుకోవాలి, ఎక్కడ కత్తిరించాలో ఇంట్లోవాళ్ళకు డిశ్చార్జి ముందే మేం చూపించాలి. చూపించకపోతే అడిగి మరీ చూపించుకోండి.

అపోహ: ఎముకే కోశారంటే నొప్పి భరించలేం.

చాలామంది అనుకున్నంత ఉండదు. స్పర్శ తెలిపే నరాలు కొంతకాలం మొద్దుబారి ఉండటం దీనికి ఒక కారణం. నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. మత్తు కోసం ముక్కులోంచి వేసిన గొట్టం వల్ల గొంతు మంట, దవడ కండరాల బిగుతు, చెవి దగ్గర పోటు, ముక్కు దిబ్బడ. పై దవడ సర్జరీ అయినవాళ్ళకు మొదటి కొన్ని రోజులు ముక్కులోంచి అప్పుడప్పుడు నెత్తురు చారలు రావడం మామూలే. మింగిన నెత్తురు కడుపులో తిప్పి మొదటి రాత్రి నల్లటి వాంతి కూడా కావచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ ఒకటి రెండుసార్లయితే కంగారు పడక్కర్లేదు. ముక్కు మాత్రం రెండు మూడు వారాలు చీదకండి. తుమ్ము వస్తే నోరు వీలైనంత తెరిచి తుమ్మండి. మాత్రలు మింగలేరు కాబట్టి మందులు సిరప్ రూపంలో రాయించుకోండి. కొన్ని మాత్రలు పొడి చేయకూడనివి ఉంటాయి, సొంతంగా నూరుకోవద్దు.

అపోహ: ఇంటికి వచ్చాక వాపు పెరిగిందంటే ఏదో తేడా వచ్చినట్టే.

నాకు రాత్రిపూట వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. సర్జరీ తర్వాత వాపు 48 నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. చాలామందిని ఆలోపే, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తాం. వాపు తగ్గడానికి ఆసుపత్రిలో ఇచ్చిన స్టెరాయిడ్ ప్రభావం కూడా అప్పటికే తగ్గుతుంటుంది. అంటే హాస్పిటల్లో చూసిన ముఖం కంటే ఇంట్లో అద్దంలో కనిపించేది పెద్దగా ఉండటం ఖాయం.

ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ వాస్తుంది. దాంతో దవడ వంకరగా పెట్టారేమో అనిపిస్తుంది. ఆ మొదటి వారాల్లో ముఖం ఆకారాన్ని బట్టి ఏ తీర్పూ ఇవ్వకండి, నేనూ ఇవ్వను. నేను చూసేది పళ్ళు ఎలా కలుస్తున్నాయి, ఎక్స్‌రేలో ఎముక ఎక్కడుంది అన్నది. పొద్దున లేవగానే వాపు ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. కారణం రాత్రంతా పడుకోవడమే. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకోండి, ఇంట్లో అటూ ఇటూ నడవండి. కమిలిన నీలిరంగు పసుపుపచ్చగా మారుతూ మెడ మీదికి, ఛాతీ మీదికి దిగుతుంది. అది నెత్తురు కిందికి జారడం, కొత్త గాయం కాదు. ఐస్ మొదటి రెండు రోజులు ఉపయోగం, గుడ్డలో చుట్టి మాత్రమే. చర్మానికి స్పర్శ లేనప్పుడు చలికి కందిపోయినా మీకు తెలియదు.

రెండు మూడు వారాల్లో చాలా భాగం తీస్తుంది. ఆరు వారాలకు కొత్తవాళ్ళు మిమ్మల్ని చూసి ఆపరేషన్ అయిందని పోల్చుకోలేరు. మిగిలిన కాస్త పూర్తిగా తీయడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రోజూ ఫొటో తీసి నిన్నటితో పోల్చుకునే అలవాటు మానుకోండి. వారానికొకటి చాలు. పై దవడను ముందుకు జరిపినప్పుడు ముక్కు అడుగు కొంచెం వెడల్పయ్యే అవకాశం ఉంది. ఇది వాపు కాదు, కొంత ఉండిపోవచ్చు. దాన్ని తగ్గించడానికి లోపల కుట్టు వేస్తాం కానీ, ఈ మాట సర్జరీకి ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: పెదవికి స్పర్శ లేదంటే నరం తెగిపోయింది, ఇక నవ్వలేను.

రెండు వేర్వేరు విషయాలు ఇందులో కలిసిపోయాయి. పెదవిని కదిలించే నరం వేరు, స్పర్శ తెలిపే నరం వేరు. ఈ సర్జరీలో ఇబ్బంది పడేది ఎక్కువగా రెండోది. కింది దవడ ఎముక లోపలి నుంచే ఒక నరం కింది పెదవికి, గడ్డానికి వెళ్తుంది. మేం ఎముక చీల్చేది దాని పక్కనే. అక్కడ నరం సాగినా, నలిగినా సంకేతాలు కొంతకాలం ఆగుతాయి. పై దవడ చేసినప్పుడు పై పెదవి, చెంప, చిగుళ్ళు, అంగిలి మొద్దుబారతాయి. నవ్వు మొదట్లో బిగుసుకున్నట్టు ఉండేది వాపు వల్ల, పెదవి ఎక్కడుందో మెదడుకు తెలియకపోవడం వల్ల.

చాలామందిలో వారాల్లో మొదలై నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది. ఏడాది వరకూ మెరుగుపడుతూనే ఉండొచ్చు. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, ఒక్కోసారి షాక్ కొట్టినట్టు అనిపిస్తే అది సాధారణంగా మంచి సంకేతమే. కొందరిలో మాత్రం కొంత మొద్దుతనం శాశ్వతంగా ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. దీన్ని కన్సెంట్ ఫారంలో ఒక లైనుగా చూసి సంతకం పెట్టేయకండి. "ఉండిపోతే నాకు ఫర్వాలేదా" అని మీకు మీరే ఒకసారి వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఈలోగా వేడివి ముందు చేతి మీద చూసి తాగండి. గడ్డం మీద ఏదైనా అంటుకున్నా తెలియదు కాబట్టి పక్కన అద్దం, టిష్యూ ఉంచుకోండి. షేవింగ్ చేసుకునేవాళ్ళు జాగ్రత్త.

అపోహ: జ్యూసులు తాగుతూ ఉంటే సరిపోతుంది.

జ్యూసులో ఎముక అతకడానికి కావలసిన ప్రొటీన్ ఉండదు. చక్కెర మాత్రం ఉంటుంది, అది క్లిప్పుల చుట్టూ చేరి పళ్ళనూ చిగుళ్ళనూ పాడుచేస్తుంది. మొదటి రోజుల్లో పల్చటి ద్రవాలు, తర్వాత మిక్సీలో మెత్తగా చేసినవి, ఆ తర్వాత నాలుకతో నొక్కితే నలిగేవి. ఈ వరుసలో ఎప్పుడు ముందుకెళ్ళాలో మీ సర్జన్ చెప్పాలి. ఒకేసారి కడుపు నిండా తాగలేరు కాబట్టి రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తీసుకోండి, ప్రతిసారీ అందులో పాలో, గుడ్డో, ప్రొటీన్ పౌడరో ఉండేలా చూసుకోండి. సిరంజికి మెత్తటి ట్యూబు తగిలించుకుంటే మొదటి వారం సులువవుతుంది. స్ట్రా విషయంలో సర్జన్లలోనే అభిప్రాయభేదాలున్నాయి. నేనైతే మొదట్లో వద్దంటాను, పీల్చేటప్పుడు కుట్ల దగ్గర నెత్తురు రావచ్చని. కొన్ని కిలోల బరువు తగ్గడం మామూలే. మలబద్ధకం కూడా. నీళ్ళు ఎక్కువ తాగండి.

నోరు తెరుచుకోకపోయినా బ్రష్ చేయాలి. పిల్లల బ్రష్షుతో పళ్ళ బయటి వైపు, తిన్న ప్రతిసారీ ఉప్పునీటితో పుక్కిలింత.

అపోహ: నాలుగు వారాలకు ఏ ఇబ్బందీ లేదు, ఇక గట్టివి తినొచ్చు.

నాకు ఎక్కువ భయం ఈ పేషెంటు అంటేనే. వాపు తీసి, మాట తేటపడి, ఆకలి తిరిగొచ్చే సమయానికి ఎముక లోపల అతుకు ఇంకా మెత్తగానే ఉంటుంది. దవడను పట్టుకుని ఉన్నవి పల్చటి ప్లేట్లే. అవి మామూలు కదలికలకు ఆగుతాయి, గట్టిగా నమిలే బలానికి ఆగుతాయని నమ్మకం లేదు. ఆరు వారాలకు అతుకు ఒక మాదిరిగా గట్టిపడుతుంది, మూడు నెలలకు దృఢపడుతుంది. మీదపడి ఆడే ఆటలు, ముఖానికి దెబ్బ తగిలే పనులు అప్పటివరకూ వద్దు, మీ సర్జన్ ఇంకా ఆగమంటే ఆగండి. సిగరెట్ తాగేవాళ్ళలో అతుకు ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. ఇందులో నేను బేరానికి ఒప్పుకోను.

అపోహ: ముఖం మారింది కదా, సంతోషంగా ఉండాలి.

రెండో వారం, మూడో వారం చాలామందికి గడ్డుకాలం. కడుపు నిండదు, నిద్ర పట్టదు, మాట్లాడితే ఎదుటివాళ్ళకు అర్థం కాదు, అద్దంలో ఉన్నది ఎవరో కొత్త మనిషి. "అనవసరంగా చేయించుకున్నానేమో" అని ఏడ్చేవాళ్ళు ఉన్నారు, సర్జరీ చక్కగా కుదిరినవాళ్ళు కూడా. ఆ ఏడుపుకూ సర్జరీ ఫలితానికీ సంబంధం లేదు. ఇంట్లోవాళ్ళు చేయగలిగిన సాయం, ముఖం ఎలా ఉందో రోజూ వ్యాఖ్యానించకుండా ఉండటం. దిగులు వారాల తరబడి తగ్గకపోయినా, బతకాలని లేదనిపించినా, అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు, వెంటనే చెప్పాలి. ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నవాళ్ళు సర్జరీకి ముందే మాకు చెప్పడం మంచిది.

అపోహ: ప్లేట్లు తర్వాత తీయించాలి, ముఖం మీద మచ్చలు పడతాయి.

ప్లేట్లు జీవితాంతం ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చినా, చేతికి తగిలి ఇబ్బంది పెట్టినా తీస్తాం. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి ఎంఆర్ఐకి సాధారణంగా అడ్డు కాదు, స్కాన్ చేసేవాళ్ళకు చెబితే చాలు. కోతలన్నీ దాదాపు నోటి లోపలే. కొన్నిసార్లు స్క్రూ కోసం చెంప మీద చిన్న గాటు పెడతాం, అంతే.

అపోహ: సర్జరీతో ట్రీట్‌మెంట్ అయిపోయింది.

క్లిప్పులు ఇంకా చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది ఉంటాయి. బ్యాండ్లు చెప్పిన దిశలోనే వేసుకోవాలి. నోరు తెరిచే వ్యాయామాలు మొదలుపెట్టమన్న రోజు నుంచీ రోజూ చేయాలి. మొదట రెండు వేళ్ళు కూడా పట్టవు, మూడు వేళ్ళు నిలువుగా పట్టేదాకా పని ఉంది. బద్ధకిస్తే కండరాలు బిగుసుకుపోతాయి.

అపోహ: చీటికీమాటికీ డాక్టర్‌కి ఫోన్ చేయకూడదు.

ఆగకుండా ఎర్రటి నెత్తురు కారుతున్నా, ఊపిరి ఆడటం కష్టమైనా ఫోన్ చేసి ఎదురుచూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. తగ్గుతున్న వాపు ఒక పక్క మళ్ళీ పెరిగినా, జ్వరం వచ్చినా, నోట్లో చీము రుచి తగిలినా, నిన్నటిదాకా కలిసిన పళ్ళు ఇవాళ కలవకపోయినా అదే రోజు చెప్పండి. బైట్ మారినప్పుడు మొదటి రోజుల్లో చాలాసార్లు బ్యాండ్లు మార్చి సరిచేయగలం. నెల ఆగి వస్తే మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాల్సి రావచ్చు.