సున్నిపిండి గురించి మా పిల్లలకు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు,

అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ బెజవాడ హాస్టల్లో మీరు వేళకి తిని, వేళకి పడుకుంటున్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగారు కదా, వంటింట్లో ఉండేవాటితో ముఖానికి స్క్రబ్ చేసుకోవచ్చా అని. వెనక నుంచి ఇంకొకరు, నిమ్మచెక్క మీద పంచదార అద్ది రుద్దుకుంటే తెల్లబడతారట అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మగపిల్లలు మాకెందుకులే అని పక్కన పెట్టొద్దు. జిడ్డూ మొటిమలూ అందరికీ వచ్చేవే.

ముందు ఆ తెల్లబడటం సంగతి. ఏ పిండి రుద్దినా, ఏ రసం పూసినా పుట్టుకతో వచ్చిన రంగు మారదు. రంగునిచ్చే మెలనిన్ పైపైన అంటుకున్నది కాదు, చర్మం లోపల తయారయ్యేది. ఎండ దెబ్బ లోపలికి దిగకుండా కాసేది అదే. రోహిణి కార్తెలో 45 డిగ్రీల దాకా వెళ్లే మన బెజవాడ, గుంటూరు ఎండల్లో అది మనకి ఎంత అవసరమో ఆలోచించండి. నలుగు పెట్టుకుంటే పోయేది మట్టి, జిడ్డు, చనిపోయిన చర్మం. అవి పోతే ముఖం శుభ్రంగా, నున్నగా ఉంటుంది. అంతవరకే ఆశించాలి. మీ రంగు చూసి ఎవరైనా ఒక మాట అంటే తప్పు ఆ అన్నవాళ్లది. రంగు కోసం నా పిల్లలెవరూ ఒళ్లు గీరుకోకూడదు. ఈ మాట నాకు అన్నిటికంటే ముఖ్యం, అందుకే ముందు రాశాను.

ఇక రుద్దితే ఏం జరుగుతుందో చెబుతాను. చర్మం పైపొర పెంకుటింటి కప్పులాంటిది. చనిపోయిన కణాలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పరుచుకుని ఉంటాయి. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములు లోపలికి పోకుండా ఆపుతాయి. కింద నుంచి కొత్త కణాలు పైకి వస్తుంటాయి, పాతవి రాలిపోతుంటాయి. మీ వయసు వాళ్లలో ఈ మార్పుకి సుమారు 4 వారాలు పడుతుంది. వదులై, రాలడానికి సిద్ధంగా ఉన్న పెంకుని తీసేయడమే మన పని. గట్టిగా ఉన్నదాన్ని పీకితే ఇల్లు కురుస్తుంది. ఎక్కువ రుద్దిన ముఖం మర్నాడు మంటపుట్టి, పొడిబారి, సబ్బు తగిలితే చురుక్కుమనేది అందుకే. పైగా మనలాంటి రంగు చర్మంలో ఎక్కడ గీసుకున్నా, ఎక్కడ మొటిమ చిదిమినా నల్లమచ్చ పడుతుంది. అది నెలల తరబడి పోదు. మచ్చ పోవాలని రుద్దేవాళ్లు అలా రుద్దీ రుద్దీ కొత్త మచ్చలు తెచ్చుకుంటారు.

అందుకే నిమ్మచెక్క, పంచదార వద్దంటున్నాను. పంచదార పలుకుకి అంచులు పదునుగా ఉంటాయి. నిమ్మరసం మన చర్మానికి సరిపడేదానికంటే చాలా పులుపు. దాని తొక్కలో, రసంలో మరో గుణం కూడా ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కందిపోతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, తర్వాత గోధుమరంగు మరకలు మిగులుతాయి. నిమ్మకాయలు పిండిన చేతులతోనే ఎండలో తిరిగేవాళ్లకి కూడా ఇలా అవుతుంది. వంటసోడా దీనికి తిరగబడిన కేసు. చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి పులుపుని అది విరిచేస్తుంది. ఉప్పు కూడా ముఖం మీదికి రానివ్వకండి. వంటింట్లోదే కదా, ఏం కాదులే అనుకోవద్దు. మిరపకాయ కూడా వంటింట్లోదే, గుంటూరు పిల్లలకి అది నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏం వాడాలంటే, నా ఓటు సున్నిపిండికే. భోగినాడు తెల్లవారుజామున, నరక చతుర్దశినాడు నూనె అంటి మీకు నలుగు పెట్టేది దాంతోనే. మీ అమ్మని పెళ్లికూతుర్ని చేసినప్పుడు ముత్తయిదువలు పెట్టిందీ అదే. అయితే అలవాటు కాబట్టి మంచిదని అనడం లేదు. పెసల్లో, శెనగల్లో సపోనిన్లు అనేవి ఉంటాయి. కుంకుడుకాయకి నురగ వచ్చేదీ వాటివల్లే, కాకపోతే పప్పుల్లో చాలా కొద్దిగా ఉంటాయి. పిండిలోని పిండిపదార్థం జిడ్డుని పీల్చుకుంటుంది. తడి తగలగానే మెత్తబడుతుంది కాబట్టి పదును ఉండదు. కాలవలోకి పోయినా కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. బజారు స్క్రబ్బుల్లో ప్లాస్టిక్ పూసలు వేస్తున్నారని, అవి నీళ్లలో పోగుపడుతున్నాయని అమెరికా 2015లో వాటిని ఆపడానికి చట్టమే చేసింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యలో పారే బెజవాడలో ఉంటున్న మీకు అదీ పట్టింపే.

మన ఇంటి కొలత రాసుకోండి. పొట్టు పెసలు అరకిలో, పచ్చి శెనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50, కస్తూరి పసుపు 50, ఎండిన గులాబీ రేకులు రెండు గుప్పెళ్లు, వాసనకి కాసిని వట్టివేళ్లు. బియ్యం ఎక్కువ వేస్తే గరుకెక్కుతుంది, ఆ కొలత పెంచొద్దు. నారింజ తొక్కలు చాలామంది వేస్తారు. ముఖానికి వాడే పిండిలో నేను వేయను. బావంచాలు అనే గింజలు అసలే వద్దు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, నిమ్మతొక్క విషయంలో చెప్పానే, ఆ జాతిదే. అది చర్మానికి తగిలాక ఎండ పడితే కమిలిపోతుంది. బొల్లి మచ్చల వైద్యంలో ఆ గుణాన్నే డాక్టర్లు లెక్క ప్రకారం వాడతారు. లెక్క తెలియని మనం దాని జోలికి పోకూడదు. సామాను కట్టించుకునేటప్పుడు కొట్లో వాళ్లు సున్నిపిండి దినుసులని అన్నీ కలిపి ఒకే పొట్లం ఇస్తారు. విప్పించి, బావంచాలు తీయించండి.

పసుపు దగ్గర కూడా జాగ్రత్త. మన దుగ్గిరాల యార్డుకి వచ్చేది వంట పసుపు. కూరకి అంతకంటే మంచిది లేదు కానీ ముఖానికి పూస్తే రెండ్రోజులు పచ్చగానే తిరగాలి. కర్‌కుమిన్ అనే దాని రంగు అంత గట్టిది. కస్తూరి పసుపు వేరే మొక్క. కొమ్ము విరిచి వాసన చూస్తే కర్పూరం లాంటి ఘాటు తెలుస్తుంది, రంగు అంతగా పట్టదు. దాన్ని కూరలో వేయరు. ఏదైనా కొమ్ములే కొనండి. మరీ నిగనిగలాడే పొడి పసుపుల్లో రంగులు కలుపుతారు, సీసం ఉన్న రంగులు కలిపిన సందర్భాలూ పట్టుబడ్డాయి.

అన్నీ విడివిడిగా మేడమీద రెండు మూడు రోజులు గలగలలాడేదాకా ఎండబెట్టాలి. గులాబీ రేకులు మాత్రం నీడలో. పప్పులో తడి మిగిలితే పిండి పట్టించిన నెలకే ముక్కవాసన వేస్తుంది, పురుగు పడుతుంది.

ఇప్పుడు అసలు కష్టం, మర. ఇది మిగతా ఊళ్లవాళ్లకి అర్థం కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన ఊళ్లో ప్రతి వీధి మరలోనూ కారం ఆడుతుంటుంది. దగ్గూ తుమ్ములూ లేకుండా ఆ గుమ్మం ముందు నుంచి పోలేం. కారానికి వేరే మిషన్ ఉన్నా, ఒకే గదిలో ఎగిరిన కారం అన్నిటి మీదా వాలుతుంది. అందుకని సున్నిపిండి పట్టించేది చలికాలంలోనే పెట్టుకోండి, సంక్రాంతి ముందైతే భోగికి కూడా అందుతుంది. మర ఆడించే అతన్ని, ముందు ఏం ఆడించాడో అడగండి. బియ్యమో గోధుమలో అయిన తర్వాతే మనది వేయమనండి. మొదట గుప్పెడు బియ్యం వేయించి, ఆ పిండి వదిలేసి, తర్వాత మన దినుసులు పోయించండి. ఇంటికి తెచ్చాక చిటికెడు పిండి తడిపి మోచేతి మడతలో రాసి పది నిమిషాలు చూడండి. చురచురమంటే ఆ పిండి ఒంటికి పనికిరాదు. ఎప్పుడైనా కారం ఒంటికి తగిలితే ఉత్త నీళ్లు పోసుకుని లాభం లేదు. కారంలోని మంట నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కొబ్బరినూనో మంచినూనో రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కళ్లలో పడితే మాత్రం నూనె వద్దు, శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడగండి.

హాస్టల్లో ఉన్నవాళ్లకి మర కుదరకపోతే మిక్సీ చాలు, కొద్దికొద్దిగా వేసుకోవాలి. ఎలా ఆడించినా జల్లించడం మాత్రం మానొద్దు. నేను రెండుసార్లు జల్లిస్తాను. ముందు పిండిజల్లెడ, తర్వాత పల్చటి నూలుబట్ట. బట్టని గిన్నె మూతికి బిగించి, గుప్పెడు పిండి వేసి, వేళ్లతో మెల్లగా రాస్తూ ఉంటే మెత్తటి పొడి గిన్నెలోకి దిగుతుంది. పైన పెసర పొట్టు, పప్పు నూక, కచ్చూరం పీచు మిగులుతాయి. కింద దిగిన పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. పౌడర్లా జారిపోవాలి. ఒక్క పలుకు తగిలినా మళ్లీ బట్టలో వేయండి. ముఖానికి అదే. పైన మిగిలిన నూక పారేయకండి, మడమలకి, మోచేతులకి, మోకాళ్లకి దానికి మించింది లేదు. అక్కడ చర్మం మందం కాబట్టి గరుకు తట్టుకుంటుంది.

పెట్టుకునే పద్ధతి. వారానికి ఒకసారి చాలు, జిడ్డు ముఖమైతే రెండుసార్లు. అంతకు మించొద్దు. సాయంత్రం పూట పెట్టుకోండి, రుద్దిన వెంటనే ఎండలోకి పోకూడదు. ముఖం ముందు నీళ్లతో కడుక్కుని, రెండు చెంచాల మెత్తటి పిండిని అంతగా పులవని పెరుగుతో కలపండి. పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్ కొద్దిపాటిది, అది కూడా చనిపోయిన కణాల్ని వదులు చేస్తుంది. పెరుగు పడనివాళ్లు నీళ్లే కలపండి. పల్చగా పూసి, పూర్తిగా ఆరనివ్వకుండా, చేయి తడుపుకుంటూ వేళ్ల కొసలతో గుండ్రంగా తిప్పండి. ఒక నిమిషం కంటే ఎక్కువ వద్దు. కంటి చుట్టూ వదిలేయండి. గట్టిగా ఎండి బిగిసిన పిండిని గోకి తీశారో, అక్కడితో పెంకులు లేచిపోతాయి. కడుక్కున్నాక మెత్తటి తువ్వాలుతో అద్దుకుని, తడి ఉండగానే మీరు రోజూ రాసుకునే క్రీము రాసుకోండి. ఒంటికైతే ముందు నువ్వులనూనె అంటుకుని పావుగంట ఆగి నలుగు పెట్టుకుంటే మట్టి ఉండలు ఉండలుగా రాలుతుంది. ముఖాన మొటిమలున్నవాళ్లు అక్కడ మాత్రం నూనె రాయకండి, కొబ్బరినూనె కొందరికి రంధ్రాలు మూసేస్తుంది.

మొదటిసారి వాడేముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడాలి. కారం కోసం చేసే పది నిమిషాల పరీక్ష వేరు, ఇది వేరు. పప్పులు, పసుపు, పువ్వులు ఏవైనా కొందరి ఒంటికి పడవు.

చీము మొటిమలున్నా, తామర ఉన్నా, ఎండకి కమిలి ఉన్నా, డాక్టరు రాసిన మొటిమల క్రీము వాడుతున్నా ఏ పిండీ రుద్దొద్దు. రుద్దితే మొటిమ తగ్గదు, వాపు పెరుగుతుంది. మెడ మీద, చంకల్లో నల్లగా, మందంగా, మఖమల్ లాగా అయితే అది మట్టి కాదు. ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు అలా కనిపించవచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా అమ్మకి చెప్పి డాక్టరుకి చూపించండి. ఎంతమంది పిల్లల్ని మురికి అని తిట్టి, ఆ మెడలు రాపాడించారో చూశాను. నాకు చాలా బాధేసింది.

మీ అక్క బిడ్డ సంగతి కూడా రాస్తున్నాను, ఇది మీ అక్కకి చూపించండి. నూగు పోతుందని పసిబిడ్డ ఒళ్లు పిండితో రుద్దడం మన వైపు ఇంకా ఉంది. పుట్టినప్పటి నూగు దానంతటదే రాలిపోతుంది. పసిచర్మం చాలా పల్చన, ఎగిరిన పిండి ముక్కులోకీ పోతుంది. నూనెతో మెల్లగా ఒళ్లు పట్టి, గోరువెచ్చటి నీళ్లు పోస్తే సరిపోతుంది. పెద్దవాళ్లు ఎవరైనా కోప్పడితే నేను చెప్పానని చెప్పమనండి.

సున్నిపిండి లేని రోజున శెనగపిండి, పెరుగు కలుపుకున్నా ఇబ్బంది లేదు. మడమలకి వాడేసిన కాఫీపొడి కూడా పనికొస్తుంది. పెదవులు పగిలితే ఏదీ రుద్దకండి, వెన్న రాసి పడుకోండి.

మీ మావయ్య ఆదివారం బెజవాడ వస్తున్నాడు. రెండు డబ్బాలు పంపిస్తున్నాను. తెల్లమూతది ముఖానికి, ఎర్రమూతది మడమలకి, మార్చుకోకండి. తడిచేత్తో తీయొద్దు, పొడి చెంచా అందులోనే వేశాను. బాత్రూములో పెట్టకండి, చెమ్మకి పాడవుతుంది. ఏ పూటకి ఆ పూటే కలుపుకోండి, కలిపిన ముద్ద మిగిలితే మర్నాటికి దాచొద్దు. ముక్కవాసన వస్తే మొహమాటపడకుండా పారేసి నాకు ఫోన్ చేయండి. సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారో కూడా చెబితే పెసలు ఆ లెక్కన తెప్పిస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ